నల్లమచ్చ చేప: రెండు కాపురములు

కృష్ణానది సముద్రమున గలియు తావున పగడపు దిబ్బలు లేవు. పగడపు జీవులకు తేటనీరు, ఎండవెలుగు, చాలినంత ఉప్పదనము కావలెను. మన నది మోసికొని వచ్చునది ఒండ్రుమట్టి. అయినను దిబ్బలయందు నివసించు ఒక చేపను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. ఏలయన, దాని బాల్యమునకు మనవంటి తీరములే ఆశ్రయములు.

దీనిని గుర్తించుట యెట్లు? తలనుండి తోకదాక చేపప్రక్కన సాగు గీతను పార్శ్వరేఖ యందురు. వెన్నురెక్క వెనుకభాగమునకు దిగువ, ఆ రేఖను ఆనుకొని, గుండ్రని నల్లమచ్చ యొకటి కానవచ్చును. మచ్చలో పెద్దపాలు రేఖకు పైననే యుండును. ప్రక్కల పొడుగునా సన్నని చారలు సాగును. ఇట్టి మచ్చయే గల జాతి వేరొకటి కలదు. కాని దాని పొలుసుల నడుమ ముదురు చుక్కలుండి, వరుసలు దీరి గీతలవలె భ్రమగొల్పును. కావున మచ్చ నొక్కదానినే చూచి నిర్ణయింపరాదు.

దీని నామకరణమున శాస్త్రజ్ఞులే చిక్కుపడిరి. విశాఖపట్టణమున పాట్రిక్ రసెల్ అను వైద్యుడు సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు, స్థానిక నామములతో సహా 1803లో లండనులో వెలువడెను. 1849లో జావాయందలి డచ్చి వైద్యుడు బ్లీకర్ ఈ మచ్చచేపకు రసెల్ పేరు పెట్టెను. అయితే ఆయన చేతనున్నది బటేవియా చేప. 2013లో ఆలెన్, వైట్, ఎర్డ్‌మన్ అను మువ్వురు రెండును వేర్వేరని తేల్చిరి. పసిఫిక్ చేప పెరిగినకొలది చారలను కోల్పోవును. హిందూ మహాసముద్రపు చేప నిలుపుకొనును. అందుచే రసెల్ పేరు పసిఫిక్ చేపకే మిగిలినది; మనదానికి ‘లుట్జానస్ ఇండికస్’ అను క్రొత్తపేరు వచ్చినది. విశాఖ చేపలను లోకమునకు చూపినవాని పేరు విశాఖ చేపకు దక్కలేదు!

పెద్ద చేపలు దిబ్బలను, రాతిగుట్టలను ఆశ్రయించును. పిల్లలు నదీముఖముల ఉప్పుటేరులలో, మడచెట్ల వేళ్ల చాటున పెరుగును. హంసలదీవి, నాగాయలంక ప్రాంతముల మడ అడవు లట్టి తావులే. మడను నరికి చెరువు త్రవ్వినచో నష్టము ఆ గట్టుతో ఆగదు. దూరపు దిబ్బమీది చేపలును తరుగును. పేరు సరిగా తెలిసిననే ఊరు తెలియును. ఊరు తెలిసిననే కాపాడవలసిన చోటు తెలియును. బజారున ఈసారి నల్లమచ్చ చేప కానవచ్చినపుడు, మచ్చ రేఖకు పైనున్నదో క్రిందనున్నదో శ్రోతలు ఒక్కక్షణము పరికింతురుగాక.