ఎండుకొమ్మ నేర్పిన పాఠం



రిటైరయ్యాక నేను ఇకెబనా నేర్చుకున్నాను. జపానువారి ఈ పూల అమరికలో 1927లో మొదలైన సోగెత్సు పద్ధతి నాది. ఇందులో ప్రధానమైన కొమ్మలు మూడు: షిన్, సోయె, హికయె. షిన్ పొడవులో ముప్పాతిక సోయె, సోయెలో ముప్పాతిక హికయె. అడుగున కెన్జాన్ అనే మేకుల దిమ్మ వాటిని నిలబెడుతుంది.

మా ఆవిడ పెంచిన నందివర్ధనం, ఆమె కాలం చేసిన ఏడాది ఎండలకు సగం ఎండిపోయింది. కొట్టేద్దామని కత్తి తీసుకెళ్లాను. ఒకవైపుకు వంగిన ఎండుకొమ్మను చూసి చెయ్యి ఆగింది. దాన్నే షిన్‌గా నిలిపి, మిగిలిన పచ్చటి రెమ్మలు రెండు, తెల్లపూలు చేర్చాను. మధ్య ఖాళీని అలాగే వదిలాను. ఇకెబనాలో ఖాళీ కూడా అమరికలో భాగమే.

ఆ పళ్లెం ఆమె ఫోటో ముందు పెట్టాను. తొలకరికి చెట్టు మళ్లీ చిగుర్చింది.

మీరూ పెరట్లో ఎండుకొమ్మను నరికేముందు ఒక్కసారి నిదానంగా చూడండి.