తండ్రి భాష, బిడ్డ భాష



పరదేశమునకు పోయిన కుటుంబములో తండ్రి యొక భాషయు, బిడ్డ యొక భాషయు మాటలాడ మొదలిడినప్పుడు ఏమి జరుగునో ఈ పూట ముచ్చటింపదలచితిని. ఇందుకు న్యూయార్కు నగరమున స్థిరపడిన యూదుల చరిత్రము మంచి నిదర్శనము.

1881వ సంవత్సరమున రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యగావింపబడెను. ఆ వెనుక అచ్చటి యూదుల యిండ్లమీదను, అంగళ్లమీదను మూకలు పడి దోచుట మొదలయ్యెను. దారిద్ర్యము సరేసరి. అది మొదలు 1924లో అమెరికా ప్రభుత్వము వలసలను గట్టిగా అరికట్టు చట్టము చేయువరకును, తూర్పు ఐరోపానుండి ఇంచుమించు 20 లక్షలమంది యూదులు ఆ దేశము చేరిరి.

వారిలో పెక్కుమంది న్యూయార్కు తూర్పు పేటలో ఇరుకు గదులయందు కాపురముండి, బట్టలు కుట్టు కార్ఖానాలలో పనిచేసిరి. వారి యింటి భాష యిద్దిషు. అది జర్మను భాషకు చుట్టమైనను హీబ్రూ లిపిలో వ్రాయబడును. శనివారము వారికి పవిత్రమైన విశ్రాంతి దినము. ఆనాడు పని ముట్టరాదు. కార్ఖానాలకు సెలవో, ఆదివారము. శనివారము రానివానికి చాలచోట్ల కొలువు దక్కెడిది కాదు. ఆచారము విడువుమని యెవరును బలవంతపెట్టలేదు. కూలిదినముల లెక్కయే ఆ బలవంతము చేసెను.

పిల్లలు బడిలో ఇంగ్లీషు నేర్చి, ఇంటికి వచ్చి తండ్రి యుచ్చారణకు సిగ్గుపడిరి. ఓడరేవులో అధికారులే వీరి పేర్లు మార్చిరని యొక కథ లోకమున కలదు. అది నిజము కాదు. చాలమంది పిమ్మట తామే మార్చుకొనిరి. పేరు చూచి యూదులకు ఉద్యోగము నిరాకరించుచుండిన 1930, 1940 దశాబ్దములలో న్యూయార్కు న్యాయస్థానములకు ఇట్టి యర్జీలు విరివిగా వచ్చెను.

1897లో ఆ నగరమున 'ఫార్వర్ట్స్' అను యిద్దిషు పత్రిక వెలసెను. దానికి చిరకాలము సంపాదకుడు అబ్రహాం కహాన్. 1903లో ఒక తండ్రి ఆ పత్రికకు జాబు వ్రాసెను. బేస్‌బాల్ అని, కర్రతో బంతిని కొట్టి పరుగెత్తు ఆట యొకటి అమెరికాలో కలదు. ఇట్టి పిచ్చి యాట తన కొడుకున కెందుకని ఆయన బాధ. ఆడనిండని కహాన్ బదులిచ్చెను. చదువు చెడకుండ, చెడు సావాసము పట్టకుండ చూచుకొనుడు. గాని సొంత దేశమున పిల్లలు పరదేశులగునట్లు పెంపవలదని ఆయన తాత్పర్యము. ఈ సలహా తండ్రికి తెలిసిన యిద్దిషులోనే యిచ్చెనని గమనింపుడు.

ఇక విద్వాంసుల వాదము. 1908లో జాంగ్విల్ అను ఇంగ్లండు యూదుడు నాటకము వ్రాసి, అమెరికాను లోహములు కరగించు మూసతో పోల్చెను. సకల జాతులును అందు కరగి యొక్కటి యగునట. 1915లో హోరేస్ కాలెన్ అను తత్త్వవేత్త, తానును యూదగురువు కుమారుడే, దీనిని ఖండించి వాద్యబృందమును ఉపమానముగా చూపెను. మన మాటలో చెప్పవలెనన్న, వీణ వీణగాను, మృదంగము మృదంగముగాను ఉన్నప్పుడే కచేరి రక్తికట్టును.

నాకు కాలెన్ మాటయే సరియని తోచును. ఏలయన, మూసకు నిప్పు రాజవేసిన వారిలో నేనును ఒకడను. బడిపంతులుగా నున్న దినములలో ఒక బాలుడు తన యూరి మాటలో జవాబు చెప్పగా, అది మొరటు భాషయని తరగతియంతయు నవ్వునట్లు దిద్దితిని. ఆ వారమే వాని తండ్రి బడికి వచ్చెను. బాలుడు తండ్రిని నోరు తెరవనీయక, తల వంచుకొని తానే బదులు చెప్పెను. వానికి మంచి భాష నేర్పితి ననుకొంటిని. కన్నతండ్రిని చూచి సిగ్గుపడుట నేర్పితినని ఆనాడు తెలిసినది.

పిల్లలు సిగ్గుపడిన ఆ యిద్దిషులోనే కథలు వ్రాసిన ఐజాక్ బషెవిస్ సింగరునకు 1978లో నోబెల్ బహుమానము లభించెను. కాని అప్పటికి ఆ వలసవారి మనుమలలో పెక్కుమంది ఆయన కథలను ఇంగ్లీషు అనువాదముననే చదువవలసి వచ్చెను.

పెద్దలారా, మీలో కొందరి మనుమలు నేడు ఆ దేశముననే పెరుగుచున్నారు. టెలిఫోనులో వారి తెలుగు తడబడినప్పుడు నవ్వకుడు. అచ్చట వారాడు ఆటయేమో అడుగుడు. జవాబును మాత్రము తెలుగుననే, తప్పులతోనే యైనను, ఓపికతో వినుడు. సెలవు.