కలకత్తా పెరటిలో ఫల్సా పొద

(మన సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై సాహిత్యమును గురించియు, సంగీతమును గురించియు విద్వాంసులు ప్రసంగించుట మనకు అలవాటు. ముప్పది యేండ్లుగా లెక్కల విభాగమున దస్త్రములు త్రిప్పుచున్న నన్ను తోటపనిని గురించి మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. కారణము వేరేమియు లేదు. గత వేసవిలో వారు మా యింటికి దయచేసినపుడు ఒక గ్లాసు ఫల్సా షర్బత్ ఇచ్చితిమి. ఆ గ్లాసు ఫలితమును ఇప్పుడు మీరందరును అనుభవింపవలసి వచ్చినది.

కార్యదర్శిగారు మొదట అడిగినది ఫల్సాను గురించి కాదు. వారి అమ్మాయి అమెరికాలో కాపురమున్నది. ఆమె తన పెరటిలో కాసిన బ్లాక్‌బెర్రీలను, రాస్ప్‌బెర్రీలను ఫోనులో చిత్రములుగా పంపినదట. "మన క్వార్టర్సులో అవి పెంచలేమా?" అని వారి ప్రశ్న. పెంచవచ్చును, ఆకులు చూచి సంతోషింపవచ్చును. పండ్లు మాత్రము ఆశింపరాదు. ఎందుచేతనో ముందుగా చెప్పెదను. ఆ మొక్కల స్వభావము తెలిసికొన్నచో ఫల్సా స్వభావమును సులభముగా తెలియును.

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీలు రెండును గులాబి కుటుంబమునకు చెందినవి. వీని వేరు అనేక సంవత్సరములు బ్రతుకును గాని, వేరునుండి లేచు బెత్తమువంటి కాండము రెండేండ్లే బ్రతుకును. మొదటి యేడు అది పెరుగును. రెండవ యేడు పూచి, కాచి, ఎండిపోవును. కాబట్టి పంట ముగిసిన వెంటనే కాచిన కాండమును మొదలంట కోసివేసి, ఆ యేడు క్రొత్తగా లేచిన కాండములలో బలమైనవానిని ఉంచి, తీగెకు కట్టవలెను. తెలియనివాడు చలికాలమున తోట శుభ్రముచేయు ఉత్సాహముతో అన్నిటిని నేలమట్టముగా కోసినచో మరుసటి యేటి పంటను చేజేతుల పారవేసినవాడగును. అయితే శరదృతువున కాచు రాస్ప్‌బెర్రీ రకములు కొన్ని కలవు. అవి ఆ యేటి కాండము కొననే కాచును. వానిని మాత్రము చలికాలము చివర నేలమట్టముగా కోయుటయే సులభమైన పద్ధతి. ఒకే జాతి మొక్కలు, ఒకే కత్తెర. ఒకదానికి మేలైనది మరియొకదానికి కీడు. పండు ఏ వయస్సు కొమ్మపై కాయునో తెలిసికొనక కత్తెర పట్టరాదు. నేటి నా ప్రసంగమున ముఖ్యవిషయ మిదియే.

ఇక కలకత్తా మాట. మేలైన రాస్ప్‌బెర్రీ మొగ్గ మేలుకొనవలెనన్న, 7 డిగ్రీలకు దిగువ చలి కొన్ని వందల గంటలు తగులవలెను. మన నగరమున జనవరి రాత్రులలో సైతము సగటున 13, 14 డిగ్రీలుండును. మనము ఆ మాత్రమునకే కోతిటోపీలు ధరించి తిరుగుదుము గాని, రాస్ప్‌బెర్రీకి అది చలి కాదు. దార్జిలింగు కొండలకు పోయినవారు దారి ప్రక్కన ముండ్లపొదలపై పసుపుపచ్చని చిన్న పండ్లను చూచియుందురు. నేపాలీలు దానిని ఐసేలు అందురు. అది మన దేశపు రాస్ప్‌బెర్రీయే. దానినే హవాయి దీవులకు కొనిపోగా, అచ్చట అడవులను ఆక్రమించి ప్రపంచపు చెడ్డ కలుపుమొక్కల జాబితా కెక్కినది. కొండపై ఐసేలు కోసికొని తినుడు. మొక్కను పీకి క్రిందికి తేవలదు.

మనకు దేవుడిచ్చిన బెర్రీ ఫల్సా. సంస్కృతమున పరూషకము, తెలుగున పుటికి యని కొందరు, నల్లజాన యని కొందరు అందురు. హైదరాబాదువారికి ఫాల్సా యన్న చాలును. రాస్ప్‌బెర్రీతో దీనికి చుట్టరికము లేదు. మందార, బెండలతో ఉన్నది. కాని శనగగింజకంటె కొంచెము పెద్దదియై, పండినపుడు ఊదారంగు దాటి నల్లబారి, పులుపు తీపి కలిసిన ఆ పండు నోటబడినపుడు చుట్టరికములను ఎవరడుగుదురు? చరకసంహితలో శ్రమహరములని చెప్పిన పది ద్రవ్యములలో ద్రాక్ష, ఖర్జూరము, దానిమ్మలతోపాటు పరూషకము కూడ కలదు. మార్చి నెలాఖరు లెక్కలు ముగించి నీరసించిన మనబోటివారికి ఏప్రిల్, మే నెలలలో ఇది పండుట భగవత్సంకల్పమేమోయని నాకు తోచును.

మా పెరటిలోని పొదను నాటినది మా అమ్మగారు. 2012 వేసవిలో గరియాహాట్ బజారునుండి నేను తెచ్చిన పొట్లములోని పండ్లను తిని, గింజలను కడిగి, పగిలిన పెరుగు ముంతలో మట్టి పోసి చల్లినారు. సుమారు మూడు వారములకు నాలుగు మొలచినవి, ఒకటి నిలిచినది. ఇరుగుపొరుగువారి భాష ఆమెకు చివరివరకు పూర్తిగా పట్టుబడలేదు. ఆ మొక్కతో మాత్రము తెలుగులోనే మాటలాడెడివారు. మూడవ యేట గుప్పెడు పండ్లు కాచినవి. ఆ యేడే మా మాలీ కత్తెర తెచ్చి కొమ్మలు కోయబోగా, ఆమె అడ్డము నిలిచి, "పచ్చని చెట్టు మీద కత్తి పెట్టనీకు నాయనా, పాపం చుట్టుకుంటుంది" అన్నారు. మాలీ నవ్వి వెడలిపోయెను. విచిత్రమేమనగా, ప్రతి చలికాలమున మల్లెపొదకు ఆకు దూసి, కొనలు త్రుంచి, నీరు మాన్పి ఎండబెట్టునదియు ఆమెయే. మల్లె క్రొత్త చిగురుపైననే మొగ్గ తొడుగునని ఆమెకు పుట్టింటినుండి వచ్చిన విద్య. ఫల్సాయు మల్లెవంటిదే యని చెప్పువారు లేకపోయిరి. నేనును ఎరుగను.

2016లో ఆమె పోయిన తరువాత పొద రెండింతలు పెరిగి మొదటి అంతస్తు కిటికీ నందుకొన్నది. పండ్లన్నియు కొనలయందే, పిగిలిపిట్టల కవి పెండ్లివిందు. 2018లో, ఉగాదికి ముందు ఇల్లు దులుపుచు, పెరడును కూడ బాగుచేయుదమని నేను కత్తెర పట్టి సగము పొదను కోసివేసితిని. కోసిన కొమ్మలను ప్రోగుచేయునపుడు చూచితిని గదా, ప్రతి చిగురు కణుపునందును పసుపుపచ్చని చిన్న పూలు! ఆ వేసవి ఒక్క గిన్నెడు పండ్లును రాలేదు. అమ్మ మాట మీరినందులకు తగిన శాస్తియని నా భార్య అనలేదు. అనకపోవుటయే నాకెక్కువ తగిలినది. మరల కత్తెర ముట్టనని ఒట్టు పెట్టుకొంటిని.

అజ్ఞానమునకు ఒట్టు మందు కాదు. నేను చేసిన తప్పు కోయుట కాదు, కాలము కాని కాలమున కోయుట. ఈ సంగతిని నాకు బోధించినది గ్రంథము కాదు, తుపాను. 2020 మే 20వ తేదీ రాత్రి అంఫాన్ వచ్చినది. గంటకు నూరు కిలోమీటర్లకు మించిన గాలి ఈ నగరమున వేలకొలది చెట్లను కూల్చినది. తెల్లవారి చూడగా మా ఫల్సా నడుమెత్తున విరిగి, మోడులు మాత్రము నిలిచియున్నవి. అమ్మ నాటిన మొక్క కూడ పోయినదని ఆ దినము మేమిద్దరము అన్నము తినలేదు. వానలు పడగానే ఆ మోడుల కణుపులనుండి నిడుపాటి కొమ్మలు లేచినవి. శీతకాలమునకు ఆకు రాల్చినవి. అప్పటికి తోటపని తెలిసిన ఒక బెంగాలీ మిత్రుడు అడిగి చూచి, "తుపాను సగము పని చేసినది, మిగిలినది జనవరిలో నీవు చేయుము" అనెను.

శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానమునకు నేనెన్నిమార్లు పోయియుందునో! అచ్చటి మహావటవృక్షమునకు బూజు పట్టిన మూలకాండమును 1925లోనే తొలగించిరనియు, నాటినుండి ఊడలమీదనే అది బ్రతుకుచున్నదనియు చదివి, పిల్లలకు కూడ చెప్పియుంటిని. అంఫాన్ దానిని గాయపరచినది గాని చంపలేకపోయినది. ఇంత ఎరిగియు మా పెరటి పొద విషయమున నాకు ధైర్యము చాలలేదు. 2021 జనవరి రెండవ ఆదివారమున, అమ్మగారి పటమునకు నమస్కరించి, కత్తెర పట్టితిని. చేయి వణకినది. మార్చికి ప్రతి మోడునను నాలుగైదు చిగుళ్లు, ప్రతి చిగురునను పూగుత్తులు. మే మాసమున రెండు రోజుల కొకసారి గిన్నె నిండినది; అదియు నిచ్చెన లేకుండ, నేలపై నిలిచి కోసికొనునట్టి ఎత్తున.

ఇందలి రహస్యము చిన్నది. ఫల్సా ఆ యేటి లేత కొమ్మపైననే పూచును. ముదురు కొమ్మను తగ్గించినకొలది క్రొత్త చిగుళ్లు వచ్చును. చిగుళ్లు వచ్చినకొలది పండ్లు. కావున డిసెంబరు చివరనుండి జనవరి మధ్యకు, ఆకు రాలి మొక్క నిద్రించుచున్న కాలమున, పొద నంతటిని సుమారు మూడడుగుల ఎత్తునకు కోయవలెను. ఎండినవానిని, ఒకదానితో ఒకటి రాచుకొనువానిని మొదలంట తీసివేసి, బలమైన ఎనిమిది పది కాండముల నుంచుట నా పద్ధతి. మొగ్గకు కొంచెము పైగా, నీరు జారునట్లు ఏటవాలుగా కోయవలెను. కత్తెర పదునైనదిగా నుండవలెను. మొద్దు కత్తెర కొమ్మను నలుపును, నలిగినచోట తెగులు చేరును. కోసిన కొమ్మలను పారవేయకుడు, చిక్కుడు పందిరికి అంతకంటె మంచి పుల్లలు దొరకవు. తరువాత మొదలు చుట్టును గుల్లచేసి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు వేసి, ఒకమారు నిండుగా నీరు పెట్టవలెను. బెంగాలీలు నానవేసి పోయు ఆవచెక్క నీరును నేను చిగురు వచ్చిన పిదప పలుచగా పోయుదును. వాసనకు మాత్రము ఓర్చుకొనవలెను. మన వర్షాకాలపు సంగతి తెలిసినదే కనుక మొదలు వద్ద నీరు నిలువకుండ మట్టి ఎత్తుగా నుంచవలెను.

అన్ని చెట్లకును ఈ సూత్రమునే పట్టింపవలదని మనవి. మామిడి పూత ముదిరిన కొమ్మల కొననుండి వచ్చును. జనవరిలో మామిడి కొనలు కోసినవానికి ఆ యేడు ఊరగాయ లేదు. ద్రాక్షకు దక్కనున ఏప్రిల్‌లో ఒకమారు, అక్టోబరులో ఒకమారు కత్తిరింపు. ఎవరి లెక్క వారిది.

పండ్లన్నియు ఒక్కసారి పండవు. నల్లబారినవానినే ఏరి కోయవలెను. కోసిన పండు ఒక దినముకంటె నిలువదు. అందువలననే బజారున అరుదు, ఇంట నుండుట భాగ్యము. కాలబైశాఖి గాలివానకు పండినవి రాలిపోవును గాన, మబ్బు పట్టిన సాయంకాలమున గిన్నె తీసికొని పరుగెత్తవలెను. పిట్టలకు అడ్డముగా వల కప్పుడు. నాలుగు కొమ్మలు వానికి వదలుడు. షర్బత్‌కు పండ్లను చేతితోనే చిదిమి, చక్కెర కలిపి వడగట్టి, నల్లుప్పు, వేచిన జీలకర్రపొడి చల్లవలెను. మిక్సీలో వేసినచో గింజ నలిగి వగరు దిగును. ఈ సూచన నా భార్యది. మేడమీది ఫ్లాట్లలో నుండువారు పెద్ద తొట్టిలో పెంచి ఇంకను కురచగా కోయవచ్చును. తొట్టికి కంబళిపండు, అనగా మల్బరీయు మంచిదే; ఆకు దూసి కొనలు త్రుంచగనే క్రొత్త చిగురుతో కాయలు తొడుగును.

మనము ఇచ్చటికి ఉద్యోగార్థము వచ్చినవారము. బదిలీ యగువారికి చెట్లెందులకని కొందరందురు. రాక్స్‌బర్గు అను వైద్యుడు 1781 నుండి మన సామర్లకోటలో ఉండి, మన మొక్కలను తెలుగు పేర్లతోసహా వ్రాసికొని, 1793లో శిబ్‌పూర్ తోటకు అధికారిగా వచ్చినాడు. అదియు బదిలీయే. 1814లో శ్రీరామపురమున తెలుగు వ్యాకరణము నచ్చువేసిన విలియం కేరీయే, 1820లో ఇచ్చటి అగ్రి-హార్టికల్చరల్ సొసైటీని స్థాపించినాడు. అలీపూరులోని ఆ సొసైటీ తోటను మీరు తప్పక చూడవలెను.

వచ్చే మార్చి నెలాఖరున నేను పదవీ విరమణ చేయుచున్నాను. క్వార్టరు ఖాళీ చేయవలెను. పొద రాదు, ఉండిపోవును. తరువాత వచ్చువారు మొదటి చలికాలమున దానిని పెరుగనిచ్చి భయపడుదురో, ఉగాదికి ముందు కోసి దుఃఖింతురో యని నాకు బెంగగా నున్నది. అందుచేత కాండములపై మూడడుగుల ఎత్తున తెల్లని రంగుతో గీతలు గీసితిని. తాళముచెవులతోపాటు ఇచ్చుటకు ఒక కాగితముపై 'జనవరి రెండవ ఆదివారము' అని బెంగాలీ, హిందీ, తెలుగు మూడు భాషలలో వ్రాసియుంచితిని.

ఈ జనవరి రెండవ ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఆ పొదను చివరిసారిగా నేను కోయుదును. చూడదలచినవారు రావచ్చును. దాని గింజలనుండి లేచిన మొక్కలు సుమారు ముప్పది సిద్ధముగా నున్నవి. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్కటి. సంచులు మాత్రము మీరే తెచ్చుకొనవలెను.