రేడియోలో టక్ టక్... కంచెలో ఏదో లోపం

రాయికోడ్ చుట్టుపక్కల కంది, పత్తి చేలకు అడవి పందుల బెడద ఎంతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. వాటిని ఆపడానికి కొందరు సోలార్ ఫెన్సింగ్, అదే ఝట్కా మిషన్, పెట్టుకుంటారు. పెట్టాక ఒక్కోసారి ఇంట్లో కొత్త తంటా మొదలవుతుంది. మీడియం వేవ్‌లో వార్తలు వింటుంటే నడుమ టక్... టక్... టక్. మనం సెట్టు పాడైందనుకుంటాం.

అసలు సంగతి వినండి. మిషన్‌లోని కెపాసిటర్ కరెంటును కూడబెట్టి, సెకనుకో సెకనున్నరకో ఒకసారి కొన్ని వేల వోల్టుల దెబ్బగా తీగలోకి వదులుతుంది. ఆ దెబ్బ సెకనులో నూరో వంతు కూడా నిలవదు. అందుకే పంది అదిరిపడి పారిపోతుంది, చావదు. తీగ బాగున్నంతకాలం రేడియోకు పెద్దగా ఇబ్బంది లేదు. ఇన్సులేటర్ పగిలినా, పచ్చగడ్డి తీగకు తగిలినా, ముడి వదులైనా అక్కడ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. రవ్వ లేస్తే రేడియో తరంగాలు పుడతాయి. మార్కోనీ తొలినాళ్లలో సంకేతాలు పంపింది కూడా రవ్వతోనే. ఇక్కడ పొడుగాటి కంచె తీగే ఏరియల్ అయిపోతుంది.

మాచనూరు సంఘం రేడియో లాంటి ఎఫ్.ఎం. స్టేషన్లకు ఈ బాధ తక్కువ. రవ్వ తరంగం బలాన్ని చెడగొడుతుంది, ఎఫ్.ఎం.లో మాట బలం మీద కాదు, ఫ్రీక్వెన్సీ మార్పు మీద నడుస్తుంది.

రవ్వ లేచేచోట దెబ్బ చాలావరకు వృథా అవుతుంది, కంచె బలం తగ్గుతుంది. అంటే మీ వార్తలు చెడగొట్టేదీ, పందిని చేలోకి రానిచ్చేదీ ఒకటే లోపం. దాన్ని పట్టుకోవడానికి మీ రేడియోనే పనికొస్తుంది.

ముందు మిషన్ ఆపి చూడండి. టక్ టక్ ఆగితే లోపం మీ కంచెదే. ఆగకపోతే పక్క చేనువాళ్లనూ ఆపి చూడమనండి. ఆగకుండా బుర్రుమంటే అది ఎల్.ఇ.డి. బల్బో, కరెంటు లైనో కావచ్చు. అప్పుడొకటి అప్పుడొకటి చిటపటమంటే దూరాన మెరుపు.

కంచెదే అని తేలితే, మిషన్ ఆన్ చేసి, పొద్దుగూకాక చిన్న రేడియో పట్టుకుని బయల్దేరండి. మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట ముల్లు పెట్టండి. తీగకు రెండు మూడు అడుగుల ఎడంగా నడవండి, తీగను ముట్టొద్దు. చప్పుడు పెరిగేకొద్దీ వాల్యూమ్ తగ్గిస్తూ పొండి. బాగా గట్టిగా వినిపించినచోట ఆగి చూస్తే, చీకట్లో నీలిరంగు రవ్వ కంటికే కనబడొచ్చు.

తర్వాత మిషన్ ఆపాకే చేయి పెట్టండి. గడ్డి కోయండి, పగిలిన ఇన్సులేటర్ మార్చండి, ముడి బిగించండి. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు. ఎర్త్ రాడ్ దగ్గర నీళ్లు పోయండి.

ఒక్క హెచ్చరిక. ఖర్చు కలిసొస్తుందని కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగొద్దు. మిషన్ దెబ్బ కొట్టి వదిలేస్తుంది, 230 వోల్టుల లైను వదలదు. పందితోపాటు పశువులూ, పొలానికి పోయిన మనుషులూ చనిపోతారు. అది నేరం కూడా. మిషన్ మాత్రమే వాడండి, దాన్ని బాగుంచుకోండి.