మన పళ్ళెం – మన పెన్షను
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యకరమైన ఆహారం అంటే ఏమిటి, సేంద్రియ పదార్థాలు, జన్యుమార్పిడి లేనివే కొనాలా అన్న విషయంపై మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవాడిని కనుక నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

ముందుగా పళ్ళెం సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూత్రాలు ప్రకటించింది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేక గుడ్డు, మాంసం 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అన్నారు. ఉప్పు 5 గ్రాములు మించరాదు. మన ఇళ్ళలో ఈ లెక్క తలక్రిందులు. అన్నం కొండంత, కూర గోరంత, పైన ఊరగాయ, అప్పడం! ఈ వయసులో కండ తరుగుతుంది. మూత్రపిండాల జబ్బుకు డాక్టరు పథ్యం చెప్పినవారు తప్ప, తక్కినవారు పప్పు, పెరుగు తగ్గించరాదు.

ఇక సేంద్రియం. రసాయనిక ఎరువులు, పురుగుమందులు లేకుండా పండించిన పంటలో మందుల అవశేషాలు తక్కువ. నేలకు, నీటికి, పొలంలో మందు కొట్టే కూలీకి కూడా మేలే. అయితే సేంద్రియ తెల్ల బియ్యమైనా తెల్ల బియ్యమే, సేంద్రియ బెల్లమైనా బెల్లమే. షుగరు వ్యాధి ముద్రను చూసి మినహాయింపు ఇవ్వదు.

జన్యుమార్పిడి విషయంలో భయం ఎక్కువ, సమాచారం తక్కువ. మన దేశంలో 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించింది. బి.టి. వంకాయపై హైదరాబాదుతో సహా పలు నగరాలలో ప్రజాభిప్రాయం సేకరించిన పిమ్మట, 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్‌గారు దానిని నిలిపివేశారు. ఆవాలకు 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చినా, 2024లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు భిన్నమైన తీర్పులిచ్చారు. కనుక అనుమతితో రైతులు వాణిజ్యపరంగా పండిస్తున్నది పత్తి ఒక్కటే.

దీని అర్థమేమిటి? బియ్యం సంచిమీద, కందిపప్పు పొట్లంమీద “జన్యుమార్పిడి లేనిది” అని అచ్చువేసి అదనపు ధర అడిగితే, వీధి కొట్టులో దొరికే మన పంటకూ దానికీ ఆ విషయంలో భేదం లేదు. నా మిత్రుడొకరు అలాంటి బియ్యం రెట్టింపు ధరకు కొంటూ, ఆ లోటు పూడ్చటానికి పాలు అర లీటరు తగ్గించారు, పండ్లు మానివేశారు. భార్యాభర్తలిద్దరూ నీరసపడ్డారు. లెక్క వేసి చూపాక పాలు తిరిగి మొదలుపెట్టారు.

చూడవలసినది నూనె డబ్బా. పత్తిగింజల నూనె, అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలనుండి వచ్చే సోయా నూనె జన్యుమార్పిడి పంటలవే. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు. అయినా వద్దనుకునేవారు వేరుశనగ, నువ్వుల నూనెలు వాడవచ్చు. మిశ్రమ నూనెలైతే డబ్బాపై పేర్లు చదవండి.

పెన్షను డబ్బుకు నా సూచనలివి. మొదట కూరగాయలకు, పప్పులకు, పాలకు తీయండి. మిగిలితే తొక్కతో తినేవి, ఆకుకూరలు, పచ్చిమిర్చి సేంద్రియమైనవి కొనండి. పొట్లాలపై “జైవిక్ భారత్” గుర్తు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రభుత్వ కార్యక్రమంగా ప్రకృతి వ్యవసాయం సాగుతున్నది. అలాంటి రైతు మీకు తెలిసివుంటే నేరుగా అతనివద్దే కొనండి. కూరగాయలను ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి, ధారగా కడగండి. పైనున్న మందు కొంత పోతుంది, లోపలికి ఇంకినది పోదు. కరివేపాకు, కొత్తిమీర, పుదీన కుండీలలో పెంచుకుంటే ఆ చింతే లేదు.

వడ్డించే గృహిణులకు ఒక మనవి. రేపటినుండి అన్నం గరిటెను కూరలో, కూర గరిటెను అన్నంలో వేసి వడ్డించండి. ఖర్చులేని వైద్యమిది.