బతాకా ఎవరి చేతిలో ఉంది?

(కోనసీమలోని ఒక పేటలో, కువైట్ వెళ్ళినవాళ్ళ కుటుంబాల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా కొంచెం కుదించి ఇస్తున్నాం.)



ఈ పేటలో కువైట్ పేరు తెలియని ఇల్లు లేదు. మా నాన్న కాలంలో మనవాళ్ళు పాలేరుతనానికి కామందు గారి గుమ్మం దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు విమానం ఎక్కి వెళ్తున్నారు. ఇళ్ళు లేచాయి, శ్లాబులు పడ్డాయి, పిల్లలు చదువుకున్నారు. కాదనను. నా బళ్ళో కూర్చున్న పిల్లల్లో చాలామందికి పలకా బలపం దగ్గర్నుంచి వాళ్ళమ్మ చెమటే. అయితే ఇవాళ నేను జీతం గురించి మాట్లాడటానికి రాలేదు. అక్కడ మన మనిషికి జబ్బు చేస్తే ఏమవుతుందన్నది మాట్లాడదామని వచ్చాను.

ముందు మా అక్క సంగతి చెప్తాను. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. చెప్పమని ఆవిడే అంది కాబట్టి చెప్తున్నా. 2011లో ఖద్దామా వీసా మీద వెళ్ళింది. ఆ ఇంట్లో పదకొండు మంది మనుషులు, మూడు అంతస్తులు. రెండో ఏడు నుంచి పొత్తికడుపులో నొప్పి, నెలసరి ఆగకుండా పోవటం మొదలయింది. మేడమ్‌కి చెబితే పనడాల్ ఇచ్చింది. మళ్ళీ చెబితే మళ్ళీ పనడాల్. కువైట్ వెళ్ళొచ్చిన వాళ్ళందరూ నవ్వుతున్నారు చూడండి, ఆ మాత్ర మీకందరికీ తెలుసు. తలనొప్పికీ అదే, నడుం నొప్పికీ అదే, రక్తం పోతున్నా అదే.

రెండేళ్ళు అట్లా నెట్టుకొచ్చింది. చివరికి మెట్ల మీద పడిపోతే టికెట్ కొని పంపేశారు. ఇక్కడ పెద్దాసుపత్రిలో చూపిస్తే గర్భసంచిలో గడ్డలన్నారు, ఒంట్లో రక్తం సగానికి సగం లేదన్నారు, రక్తం ఎక్కించి సంచి తీసేశారు. రెండేళ్ళ కిందట వస్తే మందులతో చూసేవాళ్ళమమ్మా అంది డాక్టరమ్మ. బతికింది, అదే చాలనుకున్నాం.

తర్వాత ఎప్పుడో వాకిట్లో కూర్చుని ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. "ఒరే తమ్ముడూ, ఆ ఇంటికి రెండు వీధుల అవతలే గవర్నమెంటు క్లినిక్ ఉండేదిరా. మేడమ్ పిల్లాడికి జొరమొస్తే నేనే ఎత్తుకెళ్ళేదాన్ని. వాడి బతాకా పట్టుకుని వరసలో నేనే నిలబడేదాన్ని. డాక్టరు ఎదురుగానే కూర్చునేదాన్ని. అది నాక్కూడా అని నాకెవరూ చెప్పలేదురా."

ఆవిడ బతాకా ఎక్కడుంది? బాబా గారి బీరువాలో ఉంది.

ఇప్పుడు చట్టం సంగతి. చదువుకున్నవాడిని కదా, వెతికి తెలుసుకున్నది మీకు చెప్పటం నా పని. కువైట్‌లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు పరదేశీయులే. ఒకప్పుడు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు ఎవరికైనా దాదాపు ఉచితంగానే వైద్యం చేసేవి. 1999లో 1వ నంబరు చట్టం తెచ్చి పరదేశీయులకి ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. ఆ డబ్బు కడితేనే అకామా కొడతారు. చాలా ఏళ్ళు ఏడాదికి 50 దినార్లుండేది. 2025 డిసెంబరు నుంచి 100 చేశారు. ఒక దినారంటే మన డబ్బులో 250 రూపాయల పైమాటే, లెక్క మీరే వేసుకోండి. కంపెనీ వీసా మీద ఉన్నవాడి బీమా యజమానే కట్టాలి. కానీ ఆజాద్ వీసా అని పేరుపెట్టి ఏజెంటు అమ్మిన వీసా మీద వెళ్ళినవాడు తన జేబులోంచే కట్టుకుంటున్నాడు. అది మీకు తెలిసిందే.

ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి వేరే చట్టం ఉంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం. పనిమనిషికి తిండి, బట్ట, ఉండటానికి చోటు, వైద్యం, ఇవన్నీ యజమాని బాధ్యతే అని అందులో ఉంది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదని ఉంది. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. ఈ చట్టం మా అక్క వెళ్ళిన నాలుగేళ్ళకి వచ్చింది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు ఈ సభలో ఇరవై మంది దాకా కనపడుతున్నారు. మీలో ఎంతమందికి దీని సంగతి ఎవరైనా చెప్పారు? చేతులెత్తండి. చూశారా, రెండు చేతులు.

దీనిమీద మన ఊళ్ళో కొందరు పెద్దమనుషులు ఒక మాటంటారు. "వాళ్ళ దేశం, వాళ్ళ ఆసుపత్రి, వాళ్ళ ఆయిలు డబ్బు. ఏదో దయతలచి చూస్తున్నారు, అదే గొప్ప" అని. ఈ దయ మాట మనకి కొత్తా? మన తాతలు పండించిన ధాన్యంలోంచి నాలుగు కుంచాలు కొలిచినప్పుడు కామందు కూడా దయ అనే అన్నాడు. కువైట్‌లో నేల తుడిచేది, బాత్రూములు కడిగేది, పసిపిల్లల్ని పెంచేది, ముసలాళ్ళని మోసేది పరదేశీయులు. ఆ ఆసుపత్రుల్లో సూది వేసే నర్సమ్మ కేరళ అమ్మాయి. గది తుడిచేవాడు మనవాడో, బంగ్లాదేశ్ వాడో. ఇంతమంది చేతుల మీద నడిచే ఆసుపత్రిలో మంచం మీద పడుకునే హక్కు ఆ చేతులకి లేదంటే అదేం న్యాయం? పైగా బీమా డబ్బు కట్టాం. డబ్బు కట్టి తీసుకునేది దయ ఎట్లా అవుతుంది?

2013లో అక్కడ జహ్రా ఆసుపత్రిలో ఒక ప్రయోగం చేశారు. ఓపీలో పొద్దుటిపూట కువైటీలని చూస్తారు, సాయంత్రం పరదేశీయుల్ని చూస్తారు. జనం ఎక్కువై తోపులాటగా ఉంది, అందుకని అన్నారు. తోపులాట నిజమే కావచ్చు. కానీ ఆ వార్త చదివినప్పుడు నాకు మా ఊరి టీ కొట్టు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అక్కడ చూరులో దోపిన గ్లాసు ఒకటుండేది. మా నాన్న అది తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టేవాడు. టీ అదే, డబ్బులు అవే, గ్లాసు వేరు. జహ్రాలోనూ అంతే, డాక్టరు అదే, మందు అదే, పూట వేరు.

2018లో జాబిర్ ఆసుపత్రి అని చాలా పెద్దది కట్టారు. దాన్ని కువైటీలకే అని తెరిచారు. పరదేశీయులకి వేరే ఆసుపత్రులు కట్టించటానికి ధమాన్ అని ఒక కంపెనీ పెట్టారు. వేరుగా ఉంటే వసతిగానే ఉంటుందిగా మాస్టారూ అని మొన్న ఒక కుర్రాడు నన్నడిగాడు. నాయనా, వేరు బావిలో నీళ్ళు బాగానే ఉంటాయి. అయినా 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువుకి ఎందుకు నడిచారో నీకు తెలుసు కదా.

బీమా కట్టినా చూపించుకున్న ప్రతిసారీ మళ్ళీ డబ్బు కట్టాలి. 2017 అక్టోబరులో పరదేశీయులకి ఫీజులు పెంచారు. వీధి క్లినిక్‌లో 2 దినార్లు, అత్యవసర విభాగంలో 5, పెద్దాసుపత్రి ఓపీలో 10. కొన్ని వర్గాలకి మినహాయింపులున్నాయి. 2022 డిసెంబరులో మందులకి వేరే రుసుము పెట్టారు, క్లినిక్‌లో 5, ఓపీలో 10. ఆ 2017లోనే ప్రైవేటు రంగంలో కనీస జీతం 75 దినార్లు. క్లీనింగ్ కంపెనీలో 75 దినార్లకి చేసేవాడు ఓపీకి ఒకసారి వెళ్తే నాలుగు రోజుల కూలి పోయినట్టే. అప్పుడు వాడేం చేస్తాడు? కొట్టుకెళ్ళి పనడాల్ కొనుక్కుంటాడు. మేడమ్ ఇవ్వక్కర్లేదు, వాడే మింగుతాడు.

అందరు దేశాలవాళ్ళూ ఇట్లాగే చేస్తున్నారా? దుబాయిలో 2013 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం పనివాడి బీమా యజమానే కట్టాలి, జీతంలోంచి కోయకూడదు. చదువుకోసం ఇంగ్లండు వెళ్తున్న మన పిల్లలు వీసాతో పాటే ఆరోగ్య సుంకం కడుతున్నారు. 2015లో ఏడాదికి 200 పౌండ్లతో మొదలై 2024 ఫిబ్రవరి నుంచి 1,035 అయింది, విద్యార్థులకి 776. ఇది ఎక్కువే, దోపిడీ అనే అంటాను, ఎందుకంటే పనిచేసేవాళ్ళు పన్ను కూడా కడుతున్నారు. కానీ ఒక్క తేడా ఉంది. కట్టాక ఆ దేశపు మనిషి వెళ్ళే గుమ్మంలోంచే వీళ్ళూ వెళ్తారు, ఆ వరసలోనే నిలబడతారు.

ఇక మన గుమ్మం సంగతి కూడా చూసుకోవాలి. బయటివాళ్ళని తిట్టటం తేలిక. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు. ఆ కాలంలోనే అదార్కర్ గారి చేత కార్మికుల ఆరోగ్య బీమా మీద పథకం రాయించారు, 1944లో నివేదిక వచ్చింది. దాని పునాది మీదే 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. పనిచేసే మనిషికి జబ్బు చేస్తే వైద్యం బిచ్చంగా కాదు, పాలుగా దక్కాలన్నది అందులోని సంగతి. మరి ఆ ఈఎస్‌ఐలో అమలాపురంలో, రాజమండ్రిలో ఇళ్ళలో అంట్లు తోమే మన ఆడవాళ్ళు ఉన్నారా? లేరు. ఇక్కడా పనిమనిషిని పనిమనిషిగా చట్టం లెక్క కట్టలేదు. కువైట్‌ని అడిగే నోటితోనే దీన్నీ అడగాలి.

మన ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా పెట్టింది. పదో తరగతి పాసవ్వక ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళకి అది తప్పనిసరి. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అవిటివాళ్ళయినా 10 లక్షలు వస్తుంది, ఆసుపత్రి ఖర్చుకీ కొంత ఉంది. మంచిదే. కానీ ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషికి ఇంటి పనికి అనుమతి ఇవ్వరు కదా, అప్పుడు ఏజెంటేం చేస్తాడు? విజిట్ వీసా అంటాడు, దొడ్డిదారిన పంపిస్తాడు. ఆ దారిన వెళ్ళిన పిల్లకి ఇక్కడి బీమా లేదు, అక్కడ చేతిలో బతాకా లేదు. దెబ్బలు భరించలేక ఇల్లు దాటితే ఖల్లివల్లి అంటారు. ఖల్లివల్లి మనిషి క్లినిక్ మెట్టెక్కాలంటే పోలీసు భయం. 2024 మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు బయటపడి వచ్చినవాళ్ళని అడగండి, ఏ జబ్బుల్ని ఎన్నాళ్ళు మోశారో చెప్తారు.

ఇంకోటి గమనించండి. వెళ్ళే ముందు మెడికల్ ఎంత గట్టిగా చేస్తారు! ఛాతీ ఫొటో, రక్తం, కామెర్లు, హెచ్‌ఐవీ, ఆడవాళ్ళకి గర్భం పరీక్ష. ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు చూసినట్టు చూస్తారు. గట్టి ఒళ్ళయితేనే ఎక్కనిస్తారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ ఒళ్ళు ఎట్లా ఉందో చూసే నాథుడు లేడు. మెడికల్ పాసై వెళ్ళిన మనిషి ఐదేళ్ళకి చిక్కి శల్యమై వస్తే ఆ లెక్క ఏ ఖాతాలో రాస్తారు?

వెళ్ళబోయే పిల్లలు ముందుకి రండి, ఇది మీకు. బతాకా మీద మీ ఇంటి అడ్రసు ఉంటుంది. ఆ అడ్రసుని బట్టే ఏ వీధి క్లినిక్ మీదో ఖరారవుతుంది. ముందు అక్కడికే వెళ్ళాలి, వాళ్ళు చీటీ రాస్తేనే పెద్దాసుపత్రి ఓపీ. ప్రాణం మీదికొస్తే చీటీ అక్కర్లేదు, 112కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. బతాకా యజమాని దగ్గరుంటే కనీసం దాని ఫొటో రెండు వైపులా తీసి ఇంటికి పంపండి. నొప్పి వస్తే "మేడమ్, క్లినిక్" అని గట్టిగా అనండి. పనడాల్ ఇస్తే వద్దనక్కర్లేదు, మింగి, మళ్ళీ "క్లినిక్" అనండి. రాయబార కార్యాలయంలో ఆపదలో ఉన్నవాళ్ళ వైద్యానికి 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది, అడిగితేనే ఇస్తారు. ఇక్కడున్న అమ్మానాన్నలు ఫోన్లో డబ్బులు పంపావా అని అడిగే ముందు ఒంట్లో ఎట్లా ఉందని అడగండి. ఈ మాట కొంతమందికి గుచ్చుకుంటుంది, అయినా అంటున్నా.

వచ్చే ఆదివారం పొద్దున్నే మన బడి వరండాలో బల్ల వేస్తాం. మా అక్క కూడా వచ్చి కూర్చుంటుంది. అక్కడున్న మీవాళ్ళ పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, బతాకా ఫొటో ఏదుంటే అది పట్టుకురండి. ఎవరి బతాకా ఎవరి దగ్గరుందో, ఎవరికి ఏ జబ్బుందో ఒక పుస్తకంలో రాసుకుందాం. ఆ పుస్తకం పట్టుకునే కలెక్టరు గారి దగ్గరికి వెళ్దాం. కాగితాలేమీ లేనివాళ్ళు మనిషి పేరు, వెళ్ళిన ఏడాది చెప్పినా చాలు, నేను రాసుకుంటాను.