మందుకు లొంగని మనోవ్యాధి



స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి గురించి మీరు వినే ఉంటారు. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, అయినవాళ్ళే అన్నంలో విషం కలిపారని అనుమానించడం, స్నానం మానేసి మూల కూర్చోవడం – ఇవీ దాని లక్షణాలు. చాలామందికి మామూలు మందులతోనే గుణం కనిపిస్తుంది. కొందరికి కనిపించదు. అలాంటి ఇంటి ఇల్లాలికోసమే ఈనాటి మాటలు.

మందు పనిచెయ్యడం లేదనేముందు, అసలది కడుపులోకి వెళుతోందా అన్నది చూడాలి. మాత్ర బుగ్గన దాచి, మనం అటు తిరగ్గానే ఉమ్మేసేవాళ్ళున్నారు. (జ్వరం మాత్రకి మన పిల్లలు చెయ్యరూ?) అలాంటివాళ్ళకి కొన్ని వారాలకోసారి వేసే ఇంజక్షన్లున్నాయి. సరైన మోతాదులో రెండు రకాల మందులు, ఒక్కొక్కటీ కనీసం 6 వారాలు వాడినా ఫలితం లేకపోతేనే జబ్బు మొండిదని డాక్టర్లు నిర్ణయిస్తారు.

అప్పుడు వాడవలసిన మందు క్లోజపిన్. దీనికో కథ ఉంది. 1975లో ఫిన్లండులో ఇది వాడిన కొందరికి రక్తంలో తెల్లకణాలు పడిపోయి, 8 మంది చనిపోయారు. చాలాచోట్ల దాన్ని పక్కన పెట్టేశారు. కాని 1988లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, ఇతర మందులకు లొంగనివారిలో నూటికి 30 మందికి ఆరువారాల్లో గుణమిచ్చింది. పాత మందుతో నలుగురికే. 1989లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. మన దేశంలోనూ దొరుకుతోంది.

షరతల్లా రక్తపరీక్షే. మామూలుగా మొదటి 18 వారాలు వారం వారం, తరువాత డాక్టరు చెప్పినట్టు. "వారానికో సూదా, బిడ్డని గుల్లచేస్తారా?" అని అత్తగారు దిగులుపడితే, ఆ సూదే బిడ్డకి కాపలా అని చెప్పండి. జ్వరమో, గొంతునొప్పో వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

నిద్రలో చొంగ కారుతుంది. దిండుమీద తువ్వాలు పరిస్తే సరి. ఒళ్ళు పెరుగుతుంది, చక్కెర వ్యాధి రావచ్చు. మలబద్ధకాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, పేగుల కదలిక ఆగి ప్రాణంమీదికి వస్తుంది. రెండు రోజులు మందు తప్పితే మళ్ళీ పాత మోతాదు వెయ్యకూడదు. డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. సిగరెట్లు తాగే మనిషి హఠాత్తుగా మానేసినా రక్తంలో ఈ మందు పెరిగిపోతుంది, ఆ సంగతీ చెప్పాలి.

దీనికీ లొంగకపోతే మరో మందు జతచేస్తారు, లేదా కరెంటు చికిత్స చేస్తారు. సినిమాల్లో చూపించినట్టు కాదు, మత్తు ఇచ్చే చేస్తారు.

తాయెత్తులతోనూ, పెళ్ళి చేస్తే కుదురుకుంటుందన్న ఆశతోనూ ఏళ్ళు గడిచిపోతాయి. ఈసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన మందులు, మోతాదు, ఎన్నివారాలు వాడిందీ కాగితంమీద రాసుకు వెళ్ళండి. "మావాడికి క్లోజపిన్ పనికొస్తుందా, డాక్టరుగారూ?" అని మీరే అడగండి.